రేవుదాకా నడక, ఆ తర్వాత పడవ

(కోనసీమలో ఒక ఊరి గ్రంథాలయం హాల్లో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. ఫోన్లో రికార్డు చేసి, విని రాసుకున్నాం. మాటల్ని పెద్దగా దిద్దలేదు.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల వినిపిస్తోందా? ఆ ఫ్యాను ఒక్కటీ కట్టేస్తే... వద్దులెండి, ఉక్కగా ఉంది. నేనే కాస్త గట్టిగా మాట్లాడతాను.

ముందే ఒకటి చెప్పేస్తాను. పరిచయంలో నన్ను డాక్టరు గారు అన్నారు. నేను సూదిమందు డాక్టర్ని కాదండీ, మందుల చీటీ రాయడం నాకు రాదు. క్యాన్సర్ కణాల్ని గాజు పళ్లేల్లో పెంచి, అవి ఎలా కదులుతున్నాయో చూడడం నా ఉద్యోగం. ముప్ఫై ఏళ్లు ఆ పనే చేశాను. మా అమ్మ ఉన్నన్నాళ్లూ "మా అమ్మాయి హైదరాబాదులో పురుగుల్ని పెంచుతుంది" అని చెప్పుకునేది. (నవ్వులు) ఇంచుమించు నిజమే.

పొద్దున రావులపాలెం నుంచి బస్సులో వస్తుంటే లాకుల దగ్గర ఆగిపోయాం. కాలవ నిండా గుర్రపు డెక్క. ఒకాయన పడవలో నిలబడి వెదురు గడతో దాన్ని ఒక పక్కకి నెడుతున్నాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. లాకు తలుపు సందులోంచి ఒక్క మొక్క జారింది. నాలుగాకులు, ఒక ఊదా పువ్వు, కింద నల్లటి వేళ్ల కుచ్చు. సుడిలో రెండు చుట్లు తిరిగి అవతలి నీళ్లలోకి వెళ్లిపోయింది. గడ పట్టుకున్నాయన దాన్ని చూళ్లేదు. ఆయన ముందు అంత డెక్క ఉంటే ఒక్క మొక్కని ఎవరు చూస్తారు? నేను ఈ పూట మాట్లాడేది ఆ మొక్క గురించి.

క్యాన్సర్ అనగానే మనకి గడ్డ గుర్తొస్తుంది. గడ్డ పెరిగి పెరిగి మనిషిని తీసుకుపోతుంది అనుకుంటాం. మెదడులో పుట్టినవి కొన్ని అలాగే చేస్తాయి, పుర్రెలో చోటు లేదు కాబట్టి. కానీ రొమ్ములో గడ్డ రొమ్ములోనే ఉండిపోతే, తీసేస్తే అయిపోయింది. ఈ జబ్బుతో పోయినవాళ్లలో ఎక్కువమందిని తీసుకుపోయింది మొదటి గడ్డ కాదండీ. దాన్నుంచి బయల్దేరి ఊపిరితిత్తుల్లోనో, కాలేయంలోనో, ఎముకల్లోనో కాపురం పెట్టిన కణాలు. ఫ్రాన్సులో రెకామియే అనే వైద్యుడు 1829లో దీనికి మెటాస్టాసిస్ అని పేరు పెట్టాడు. మన ఊళ్లలో "పాకిందిట" అంటాం. గొంతు తగ్గించి అంటాం. నాకు మనమాటే నచ్చుతుంది. ఎందుకంటే అది నిజంగా పాకడమే. పసిపిల్ల పాకినట్టు, ముందు చెయ్యి చాపి, నేలని పట్టుకుని, వెనక భాగాన్ని లాక్కుంటూ.

మా మేనత్త సంగతి చెప్పాలి. ఆవిడ ఊరు ఇక్కడికి దగ్గరే, పేరెందుకులెండి. ఆవకాయ రోజుల్లో, కారం దంచుతుంటే, రొమ్ములో గోలీకాయంత గట్టిగా తగిలింది. నొప్పి లేదు. నెల్లాళ్లు ఎవరికీ చెప్పలేదు. చెప్పాక పట్నం తీసుకెళ్లారు. అక్కడ సూది పెట్టి ముక్క తీసి పరీక్షకి పంపాలన్నారు. ఇంటికొచ్చాక పెద్దవాళ్లంతా కూర్చున్నారు. మా తాతయ్య తేల్చేశాడు: "సూది తగిలిందంటే రేగుతుంది. కత్తి తగిలిందంటే పాకుతుంది. రాచపుండుని కెలక్కూడదు." అందరూ సరేనన్నారు. చదువుకున్నవాళ్లు కూడా. నేను అప్పటికి ఎమ్మెస్సీ చదువుతున్నాను, జీవశాస్త్రమే, నేనూ నోరెత్తలేదు. పసరు కట్టించారు. మళ్లీ ఆవకాయ రోజులొచ్చేసరికి ఆవిడకి నడుం నొప్పి. బిందె ఎత్తడం వల్లనుకున్నారు. వెన్నుపూసలో ఉందది.

మా తాతయ్యని తిట్టడానికి చెప్పడం లేదు. ఆయన రైతు. తుంగ మొక్క సంగతి మీకు తెలుసు. పలుగుతో పొడిస్తే దుంపలు తెగి, ఒకటున్నచోట పది లేస్తాయి. ఆయన ఒంటిని చేనులా చూశాడు. ఆలోచన తప్పు కాదు, మొక్క తప్పు. ఎందుకు తప్పో చెప్పాలంటే కణం ఎలా కదులుతుందో చూపించాలి. సూది దగ్గరికి మళ్లీ వస్తాను.

మా ల్యాబులో ఒక పరీక్ష ఉంది, డిగ్రీ పిల్లలైనా చేసేస్తారు. గాజు పళ్లెం అడుగున కణాలు ఒక్క వరస మందాన పరుచుకుని ఉంటాయి, నాట్లు వేసిన మడిలా. దాని మధ్యలో సన్నటి ప్లాస్టిక్ మొనతో ఒక గీత గీకుతాం. అక్కడి కణాలు లేచిపోతాయి. గండి పడిందన్నమాట. పళ్లేన్ని 37 డిగ్రీల వెచ్చటి పెట్టెలో పెట్టి, పది నిమిషాలకో ఫొటో తీసేలా కెమెరా అమర్చి ఇంటికెళ్లిపోతాం. తెల్లారి ఆ ఫొటోలన్నీ గబగబా తిప్పితే సినిమా.

ఏం కనిపిస్తుందంటే, గండి అంచున ఉన్న కణం ముందువైపు పల్చటి రేకు చాపుతుంది. పెనం మీద అట్టు అంచు ఎంత పల్చగా ఉంటుంది, అలాగ. ఆ అంచు ముందుకెళ్తుంది, కాస్త ముడుచుకుంటుంది, మళ్లీ చాపుతుంది. కరెంటు పోయిన గదిలో గోడ తడుముకుంటున్నట్టే ఉంటుంది. ఆ రేకు లోపల యాక్టిన్ అనే ప్రొటీన్ పూసలు దండలుగా గుచ్చుకుని ఉంటాయి. ముందు చివర కొత్త పూసలు చేరుతుంటాయి, వెనక చివర పాతవి ఊడి, అవే మళ్లీ ముందుకొస్తాయి. దండ పెరిగినంత మేరా రేకు ముందుకి తోసుకుపోతుంది. అడుగున నేలని పట్టుకునే కొక్కేలున్నాయి, వాటిని ఇంటెగ్రిన్లు అంటాం. వెనకభాగాన్ని లాగడానికి మయోసిన్ ఉంది, మన కండల్లో ఉండేదే.

ఊడ్పుల చేలో నడిచినవాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు. ముందు కాలు వెయ్యాలి, దిగాలి, అప్పుడు వెనక కాలు "చప్"మని పీకాలి. బురద మరీ పట్టేస్తే కాలు రాదు. మరీ పల్చనైతే జారిపోతాం. కణానికీ అంతే. పట్టు మరీ ఎక్కువైతే కదల్లేదు, మరీ తక్కువైతే ముందుకి పోలేదు. మధ్యస్తంగా ఉన్నచోట జోరుగా నడుస్తుంది.

జోరు అన్నాను కదా, ఎంత జోరో లెక్క చూద్దాం. కణం వెడల్పు మన తలవెంట్రుక మందంలో నాలుగో ఐదో వంతు. గంటకి దాని ఒంటి పొడవంత నడిచిందనుకోండి. రాత్రీ పగలూ ఆగకుండా, దారి తప్పకుండా నడిస్తే ఒక సెంటీమీటరు దాటడానికి ఇంచుమించు నెల. ఈ లెక్కన రొమ్ము నుంచి వెన్నుపూస దాకా నడిచి వెళ్లడమనేది ఉండదు. అది నడిచేది పక్కనున్న రక్తనాళం దాకానే. రేవుదాకా నడక, ఆ తర్వాత పడవ. పడవెక్కాక ఏముంది, నిమిషం తిరిగేసరికి రక్తం ఒళ్లంతా ఓ చుట్టు చుట్టేస్తుంది.

ఇంతకీ ఆ సినిమాలో ఉన్నవి క్యాన్సర్ కణాలే అవ్వక్కర్లేదు. మంచి కణాలూ గండి పూడుస్తాయి. మీకు వేలు తెగితే మానేది అలాగే. తేడా గండి పూడ్చాక తెలుస్తుంది. 1953లో లండన్‌లో మైకేల్ అబర్‌క్రోంబీ, జోన్ హేస్మన్ అని ఇద్దరు కోడిపిండం గుండె కణాల్ని ఇలాగే చూశారు. రెండు కణాలు ఎదురుపడి తగలగానే ఆగుతాయి, రేకు ముడుచుకుంటాయి, వేరే దిక్కుకి తిరుగుతాయి. "మీరెళ్లండీ", "ఆయ్, మీరే ముందెళ్లండీ" అన్నట్టు. (నవ్వులు) గోదావరి జిల్లా కణాలన్నమాట. తర్వాత క్యాన్సర్ కణాల్ని తెచ్చి వదిలితే, అవి మామూలు కణం తగిలినా ఆగలేదు. దాని మీదుగానే పోయాయి. అప్పటిదాకా అందరి చూపూ క్యాన్సర్ ఎందుకు పెరుగుతుంది అన్నదాని మీదే. ఎందుకు ఆగదు అన్న ప్రశ్న అక్కణ్ణుంచి గట్టిపడింది.

ఈ నడకని క్యాన్సర్ కొత్తగా కనిపెట్టలేదండీ. దొంగిలించింది. దొంగిలించింది అనడం కూడా తప్పే, ఇంట్లో అటకమీద ఉన్న సామానే దింపుకుంది. మనం తల్లి కడుపులో ఉన్నప్పుడు మన కణాలు చేసినంత ప్రయాణం మళ్లీ ఎప్పుడూ చెయ్యవు. ఒంటికి రంగునిచ్చే కణాలు ఎక్కడివనుకున్నారు? పిండం వీపు వెంట పుట్టి, అక్కణ్ణుంచి నడిచి చర్మానికి చేరతాయి. వాటిలో పుట్టే క్యాన్సరే మెలనోమా, తొందరగా పాకే రకం. బయల్దేరేముందు కణాలు పక్కవాళ్ల చెయ్యి వదలాలి. చెయ్యి అంటే క్యాడ్‌హెరిన్ అనే ప్రొటీన్, కణాన్ని కణానికి కట్టి ఉంచేది. అమెరికాలో ఎలిజబెత్ హే అనే శాస్త్రవేత్త పిండాల్లో ఈ వేషం మార్పుని వివరంగా చూపించింది: గోడలో ఇటుకలా ఉన్న కణం, చెయ్యి వదిలి, సాగి, బాటసారి అవుతుంది. చేరాల్సిన చోటికి చేరాక మళ్లీ ఇటుక అయిపోతుంది. క్యాన్సర్ కణం ఈ పాత పాఠాన్నే తిరగేస్తుంది, సగం సగం, తప్పులతో.

ఇక్కడ ఆడవాళ్లు చాలామంది ఉన్నారు, మాయ గురించి చెప్తాను. కాన్పయ్యాక పడే మాయ. మాయ కణాల పనే తొలుచుకుపోవడం. తల్లి గర్భసంచి గోడలోకి దిగి, రక్తనాళాల దాకా వెళ్లి, వాటిని వెడల్పు చేసి బిడ్డకి రక్తం తెస్తాయి. క్యాన్సర్ చేసే పనులు వరసపెట్టి రాస్తే అందులో సగం మాయ చేస్తుంది. కానీ ఒక లోతు దాకా వెళ్లి ఆగిపోతుంది. ఆ ఆగడం ఉంది చూశారూ, దాని మీదే మనమందరం పుట్టాం.

ఎప్పుడైనా ఆగదు. ముత్యాల గర్భం అని విన్నారు కదా, కడుపులో బిడ్డ బదులు మాయే గుత్తులుగా పెరగడం, అది వచ్చినవాళ్లలో కొద్దిమందికి తర్వాత మాయ కణాలే క్యాన్సర్ అవుతాయి. కోరియోకార్సినోమా. మహా వేగంగా ఊపిరితిత్తులకి పాకుతుంది. కుర్ర తల్లులు నెలల్లో పోయేవారు. 1950ల మధ్యలో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే ఇద్దరు డాక్టర్లు ఇలాంటివాళ్లకి ఒక మందు ఇచ్చారు. ఎక్సరేలో ఊపిరితిత్తుల నిండా ఉన్న మచ్చలు మాయమైపోయాయి. గడ్డగా పుట్టి, ఒళ్లంతా పాకిన క్యాన్సర్ ఒక్క మందుతో నయం కావడం లోకంలో అదే మొదలు. ఆ మందు పేరు మెతోట్రెక్సేట్.

అది ఎవరి బృందం నుంచి వచ్చింది?

(వెనక నుంచి ఒకరు: సుబ్బారావు గారండీ!)

ఆయ్! యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. మనకి వశిష్ఠ గోదావరి దాటితే ఆయన ఊరు. అమెరికాలో లేడర్లే అనే మందుల కంపెనీ ప్రయోగశాలల పరిశోధన నడిపారు. కణాలు పెరగడానికి కావాల్సిన ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌కి పోలికగా ఉండి కణాన్ని మోసం చేసే మందులు అక్కడ తయారయ్యాయి. వాటిలో అమినోప్టెరిన్ అనేదాన్ని బోస్టన్లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకి ఇచ్చి, కొంతకాలమైనా జబ్బు తగ్గిందని 1948లో రాశాడు. ఆ ఏడాదే సుబ్బారావు గారు పోయారు. ఆ తల్లుల ఊపిరితిత్తులు తేటపడడం ఆయన చూళ్లేదు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, మనవాడని గొప్ప చెప్పుకోవడానికి కొంత, కాదనను. అసలు విషయం ఇది. కత్తి వెళ్లేది డాక్టరు చెయ్యి వెళ్లినంత మేరే. పడవెక్కిపోయిన కణం ఎక్కడ దిగిందో చేతికి తెలీదు. మందు కూడా అదే పడవెక్కాలి. కీమో అంటే అది. జుట్టు ఊడుతుంది, వాంతులవుతాయి, అయినా ఎందుకిస్తారంటే, కాలవ వెళ్లిన దాదాపు ప్రతిచోటికీ అది వెళ్తుంది.

ఇప్పుడు రేవుదాకా ఎలా వెళ్తుందో చూద్దాం. క్యాన్సర్ అంటే పీత. పాత గ్రీకు వైద్యులు గడ్డ చుట్టూ కాళ్లలా ఉబ్బిన నరాలు చూసి ఆ పేరు పెట్టారంటారు. వాళ్లకి కాళ్లు కనిపించాయి. మన రైతునడిగితే పీత చేసే అసలు అపకారం చెప్తాడు, గట్టుకి బొక్క పెడుతుంది. రాత్రి చూస్తే గట్టు బాగానే ఉంటుంది, తెల్లారేసరికి మళ్లో నీళ్లుండవు. ఒంట్లో కూడా కణాల వరస కింద సన్నటి గట్టు ఒకటుంటుంది, ఆధారపొర అంటాం. దాన్ని దాటనంతవరకు "ఉన్నచోటే ఉంది" అని రాస్తారు డాక్టర్లు, సున్నా స్టేజీ. దాటితే అప్పుడు లెక్క మారుతుంది. దాటడానికి కణం అడుగున చిన్న కాళ్లు దించి, వాటి చివర ప్రొటీన్లని కోసే ఎంజైములు వదులుతుంది. అక్షరాలా బొక్క పెడుతుంది.

ఈ సంగతి తెలిశాక అందరికీ ఒకే ఊహ వచ్చింది: ఆ కత్తెరల్ని పనిచెయ్యకుండా చేస్తే పోలా? 1990ల్లో కంపెనీలు పోటీపడి మందులు చేశాయి. మారిమస్టాట్ అని ఒకటి. నేను అప్పుడే పీహెచ్‌డీలో చేరాను, ఇక క్యాన్సర్ పని అయిపోయింది, నేను వచ్చేసరికి పనేం మిగల్లేదు అనుకున్నాను. (నవ్వులు) మనుషుల మీద పరీక్షిస్తే దాదాపు అన్నీ బోల్తా పడ్డాయి. రోగులకి కీళ్లనొప్పులు మిగిలాయి. ఒక కారణం, ఆ మందులిచ్చింది అప్పటికే పాకిపోయినవాళ్లకి. నీళ్లు పోయాక గట్టు వెయ్యడం. ఇంకో కారణం 2003లో జర్మనీలో పీటర్ ఫ్రీడ్ల్ బృందం చూపించింది. నాకు మహా ఇష్టమైన పని అది. కత్తెరలన్నిటినీ కట్టేసినా కణం ఆగలేదు. నడక మార్చేసింది. గుండ్రంగా అయిపోయి, కణాల చుట్టూ ఉండే పీచుల సందుల్లోంచి ఒళ్లు నొక్కుకుంటూ దూరిపోయింది. గట్టుకి బొక్క పెట్టనివ్వకపోతే కంచె సందులోంచి జారే పిల్లిలాగా.

అలా దూరడానికి అడ్డేదో తెలుసా? కణం ఒళ్లంతా మెత్తనే. మధ్యలో ఉండే కేంద్రకం గట్టిది. ఇల్లు మారేటప్పుడు బట్టలు, పరుపులు, గిన్నెలు ఎలాగోలా వెళ్లిపోతాయి, బీరువా గుమ్మంలో ఇరుక్కుంటుంది. కణానికి బీరువా కేంద్రకం. సందు మరీ ఇరుకైతే అక్కడే ఆగుతుంది. మేం రాత్రుళ్లు కూర్చుని చూసేవాళ్లం, ముందు సగం అవతల, వెనక సగం ఇవతల, మధ్యలో బీరువా. ఒక్కోసారి గంటలు పట్టేది. దాటగానే మా రీసెర్చి కుర్రాడు చప్పట్లు కొట్టేవాడు. తర్వాత గుర్తొచ్చేది, ఎవరికోసం చప్పట్లు కొడుతున్నాం అని.

సరే. పడవెక్కింది. రక్తంలో క్యాన్సర్ కణాల్ని 1869లోనే ఆస్ట్రేలియాలో ఆష్‌వర్త్ అనే డాక్టరు చూశాడు. ఎన్ని ఎక్కుతాయి? 1975లో ఎలుకల రొమ్ము గడ్డల మీద బట్లర్, గులీనో అని ఇద్దరు లెక్కపెట్టారు. గ్రాము గడ్డ నుంచి రోజుకి 30, 40 లక్షల కణాలు రక్తంలో పడుతున్నాయి. వినండి మళ్లీ. గ్రాముకి, రోజుకి. సూది లేదు, కత్తి లేదు, ఎవరూ ముట్టుకోలేదు.

మా తాతయ్య ఉంటే ఈ అంకె ఆయన చేతిలో పెట్టేదాన్ని.

అన్ని వెళ్తుంటే ఒళ్లంతా గడ్డలే ఉండాలి కదా? ఉండవు. 1970లో ఐజయా ఫిడ్లర్ ఎలుకల నరంలోకి గుర్తుపెట్టిన మెలనోమా కణాల్ని ఎక్కించి చూస్తే, వెయ్యిలో ఒకటి కూడా బతికి గడ్డ పెట్టలేదు. రక్తం ఒరవడికి చితికిపోతాయి. తెల్లకణాలు తినేస్తాయి. సన్నటి నాళాల్లో ఇరుక్కుని చస్తాయి. గుంపుగా చేతులు పట్టుకుని వెళ్లినవి మటుకు గట్టివి. 2014లో వచ్చిన పరిశోధనలో, ఎలుకల్లో, గుంపులు ఒంటరి కణాలకంటే 23 నుంచి 50 రెట్లు ఎక్కువగా కొత్త గడ్డలు పెట్టాయి. చెయ్యి వదిలితేనే ప్రయాణం అని ఇందాక నేనే చెప్పాను. పూర్తిగా వదలక్కర్లేదు. మా రంగంలో ఏ మాట చెప్పినా పదేళ్లకి దానికి ఒక "కానీ" వస్తుంది.

బతికి దిగినదానికి అసలు కష్టం అప్పుడు మొదలు. లండన్లో స్టీఫెన్ పాజెట్ అనే సర్జను 1889లో, రొమ్ము క్యాన్సర్‌తో పోయిన 735 మంది ఆడవాళ్ల శవపరీక్షల వివరాలు ముందేసుకుని కూర్చున్నాడు. రక్తం అన్నిచోట్లకీ పోతుంటే జబ్బు కాలేయంలో అన్నిసార్లు, ప్లీహంలో అంత అరుదుగా ఎందుకు? విత్తనం ఎటైనా పడుతుంది, నేల కుదిరినచోటే మొలుస్తుంది అన్నాడు. పల్లెటూరి మాట. మనం ఇంకోలా చెప్పుకోవచ్చు. లాకు దాటిన ఆ డెక్క మొక్క, నీళ్లు నిలిచి మురుగు చేరిన బోదెలో ఆగితే నెల్లాళ్లలో బోదెంతా కమ్మేస్తుంది. అదే మొక్క అంతర్వేది దగ్గర సముద్రం దాకా కొట్టుకుపోతే? ఉప్పునీటికి మాడి చస్తుంది. మొక్క అదే.

నలభై ఏళ్ల తర్వాత జేమ్స్ ఈవింగ్ అని అమెరికా ఆయన, నేలా లేదు విత్తనమూ లేదు, కాలవ ఎటు పారితే అటే అన్నాడు. ఇద్దరూ సగం సగం నిజం. పేగుల రక్తమంతా ముందు కాలేయానికి వెళ్తుంది, అందుకే పేగు క్యాన్సర్ కాలేయంలో దిగుతుంది. అది కాలవ పని. రొమ్ము, ప్రోస్టేటు క్యాన్సర్లకి ఎముక మీద అంత మోజు ఎందుకంటే నేల పని కూడా ఉంది. ఎముక ఎప్పుడూ తవ్వుకుంటూ, పూడ్చుకుంటూ ఉంటుంది. తవ్వినప్పుడు అందులో దాగిన ఎరువు బయటికొస్తుంది. క్యాన్సర్ కణం తవ్వేవాళ్లని ఇంకా ఎగదోస్తుంది, వాళ్లు తవ్వినకొద్దీ దానికి మేత. మా అత్తయ్య నడుంలో జరిగింది ఇదే. ఇప్పుడు ఎముక తవ్వకం ఆపే మందులున్నాయి. నెలసరి ఆగిన ఆడవాళ్లకి రొమ్ము క్యాన్సర్ చికిత్సతోపాటు అవి ఇస్తే, ఎముకల్లో తిరగబెట్టడం కొంత తగ్గింది. విత్తనాన్ని పట్టుకోలేకపోయాం, నేలని కాస్త బిగించాం.

కణాలు కదిలే తీరు తెలియడం వల్ల కత్తి కూడా చిన్నదైంది. అమెరికాలో హాల్‌స్టెడ్ అనే గొప్ప సర్జను, జబ్బు అంచెలంచెలుగా పక్కకి పాకుతుందనుకుని, రొమ్ముతోపాటు ఛాతీ కండలు, చంక బిళ్లలు అన్నీ తీసేసేవాడు. డెబ్భై, ఎనభై ఏళ్లు లోకమంతా అదే చేసింది. 1970ల్లో బెర్నార్డ్ ఫిషర్ అనే ఆయన, పాకేది మొదట్లోనే రక్తంలో పడి పాకుతుంది, కండలు కోసి లాభం లేదన్నాడు. తోటి సర్జన్లు మండిపడ్డారు. వేలమంది మీద పరీక్షించి, గడ్డ మటుకు తీసి రేడియేషన్ ఇస్తే బతుకు అంతే ఉంటుందని తేల్చాడు.

ఇంక సూది. సూది దారిలో కణాలు పడడం అసలు జరగదని చెప్పను, అబద్ధమవుతుంది. చాలా అరుదుగా జరుగుతుంది. వృషణంలో గడ్డ అనుమానమైతే డాక్టర్లు సూది పెట్టరు, నేరుగా తీసేస్తారు. వాళ్లకి తెలుసు ఎక్కడ పెట్టకూడదో. మిగతాచోట్ల, రోజుకి లక్షల్లో పడవెక్కుతుంటే సూదికి అంటుకున్న నాలుగు కణాల లెక్కేమిటి? మరి "కత్తి పెట్టాకే పాకింది" అని మనం కళ్లారా చూశాం కదా అంటారు. చూశాం. కత్తి పెట్టేసరికే పాకి ఉంది, కనపడ్డం తర్వాత కనపడింది. ఏళ్లతరబడి నిద్రపోయి లేచే కణాలు కూడా ఉన్నాయి, కొన్ని రొమ్ము క్యాన్సర్లు ఇరవయ్యేళ్లకి తిరగబెడతాయి. పక్కన ఏది కనిపిస్తే దానిమీద నింద వేస్తాం.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ఒక పెద్దాయన: ఏవమ్మాయ్, ఇంత పాకేది, పక్కవాడికి పాకదా? మా వీధిలో ఒకాయన గ్లాసు వేరే పెట్టారు.)

ఆయన గ్లాసు ఆయనకి వేరే పెట్టక్కర్లేదు బాబాయ్. పక్కన కూర్చుంటేనో కలిసి తాగితేనో మనిషినుంచి మనిషికి కణాలు పాకవు, మన ఒళ్లు పరాయి కణాన్ని ఊరుకోదు. వీధికుక్కల్లో మటుకు ఉంది. జత కట్టినప్పుడు కుక్కనుంచి కుక్కకి కణమే వెళ్లి గడ్డవుతుంది. మన పశువుల డాక్టర్లందరికీ తెలుసు. వేల ఏళ్ల కిందట ఏదో ఒక్క కుక్కలో పుట్టిన కణాలే ఇప్పటికీ తిరుగుతున్నాయి. మనుషుల్లో అలాంటిది లేదు. ఆయన్ని మీతోపాటు కూర్చోబెట్టుకుని కాఫీ ఇవ్వండి.

(వెనక నుంచి ఒకావిడ: అమ్మా, నోటి క్యాన్సర్ ఎక్కడికి పాకుద్దండీ?)

ముందు మెడకి. రక్తనాళాల్లాగే ఒంట్లో ఊరే నీటిని మోసే లింఫు కాలవలు కూడా ఉన్నాయి, నోటి దగ్గరవన్నీ మెడ బిళ్లల్లో పడతాయి. మన లంక పొగాకు చుట్టలు, ఇంకా పైకి శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ, దానికి అంగిట్లో పుండు వస్తుంది. నోట్లో మూడు వారాలు దాటినా మానని పుండు చూపించుకోవాలి. మెడలో బిళ్ల కట్టిందల్లా క్యాన్సర్ కాదు, పన్ను చీము కావచ్చు, టీబీ కావచ్చు. ఎందుకడిగారమ్మా?

(ఆవిడ: మా ఆయనకండీ. ఇదిగో ఇక్కడ, దవడ కింద. నొప్పి లేదంటాడు. రెండు నెల్లయింది.)

చుట్ట కాలుస్తారా?

(ఆయ్. మామూలు చుట్టేనండీ. నాలిక పక్కన పుండు కూడా ఉందండీ, పన్ను గీసుకుందంటాడు. సూదేస్తారని భయపడి రానంటున్నాడండీ.)

ఆయన ఇప్పుడు ఇంట్లో ఉన్నారా?

(లేదండీ. బయట అరుగు మీద కూర్చున్నాడు. మైకులో అంతా వింటన్నాడు.)

సరే. అధ్యక్షులు గారు ఏమీ అనుకోకూడదు, వందన సమర్పణ మీరు కానివ్వండి. నేను ఒకసారి అరుగు మీదకి వెళ్తాను. మీరూ రండమ్మా.